"గైస్" అని ఆడపిల్లల్ని పిలవొచ్చా? ఒక పెద్దాయన అభ్యంతరం

పాలకొల్లు_పంతులమ్మ
పాలకొల్లులో డిగ్రీ చదివే ఆడపిల్లలకి సాయంత్రం పూట స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. క్లాసు మొదలుపెట్టేటప్పుడు "ఓకే గైస్, లెట్స్ స్టార్ట్" అనడం అలవాటు. మొన్న ఒకమ్మాయి తాతగారు వచ్చారు. హైస్కూల్లో పనిచేసి రిటైరైన మాస్టారు. మర్యాదగానే అడిగారు, గానీ గట్టిగా అడిగారు. "గై అంటే మగవాడు కదమ్మా, మా మనవరాలిని మగవాళ్ళలో కలిపేసి పిలుస్తారేం? ఇంటికొచ్చి వాళ్ళ మామ్మని కూడా హాయ్ గైస్ అంటోంది" అని. డిక్షనరీ తెచ్చి చూపించారు కూడా. అందులో మొదటి అర్థం మగవాడు అనే ఉంది. కానీ యూట్యూబులో, ఆఫీసు మీటింగుల్లో ఆడామగా తేడా లేకుండా అందరూ వాడుతున్నారు. పిల్లలకి ఏం చెప్పాలి? వాడమనా, మానమనా? వచ్చే నెల కొందరికి ఇంటర్వ్యూలు కూడా ఉన్నాయి. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి.

ఆత్రేయపురం_రేకు
మాస్టారిదే రైటు. డిక్షనరీలో మగవాడు అని ఉంటే మగవాడే. అందరూ వాడినంత మాత్రాన ఒప్పయిపోదు.

కోనసీమ_కుర్రోడు
అందరూ వాడితేనే కదండీ అది భాష! మా అంబాజీపేట వైపు కొబ్బరి తోటలో నిలబడి వీడియో తీసేవాళ్ళు కూడా "హాయ్ గైస్, వెల్కమ్ బ్యాక్" అనే మొదలుపెడతారు. చూసేవాళ్ళలో మా అక్కలూ పిన్నులూ బోలెడుమంది. మమ్మల్ని కాదులే అని ఎవరూ ఫోను పక్కన పెట్టెయ్యడం లేదు.

ఆత్రేయపురం_రేకు
వీడియోలవాళ్ళు మాట్లాడేదంతా ఇంగ్లీషు అయితే ఇంక మేడమ్ క్లాసు ఎందుకు?

డల్లాస్_తణుకు
మాది తణుకు, ఉద్యోగం డల్లాసులో. ఈ మాట రోజూ చెవిన పడుతూనే ఉంటుంది. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మాస్టారు చెప్పిందీ నిజమే, మేడమ్ వాడిందీ తప్పు కాదు. ఈ మాట వాక్యంలో ఎక్కడ వచ్చిందన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. "ఎ గై కేమ్ టు ద డోర్" అంటే తలుపు దగ్గరికి ఎవరో మగమనిషి వచ్చాడనే. అక్కడ ఆడమనిషి అని ఎవరూ అనుకోరు. ఎదుట లేనివాళ్ళ గురించి చెప్పేటప్పుడు బహువచనం కూడా మగవైపే మొగ్గుతుంది. "సమ్ గైస్ ఎట్ ద బస్ స్టాండ్" అంటే వినేవాళ్ళకి కుర్రాళ్ళే కనిపిస్తారు. ఎదురుగా ఉన్నవాళ్ళని పిలిచినప్పుడు మాత్రం లెక్క వేరు. "హే గైస్", "యు గైస్" అన్నప్పుడు అందులో ఆడవాళ్ళూ వస్తారు, మగవాళ్ళూ వస్తారు. ఇక్కడ హోటల్లో నలుగురు ఆడవాళ్ళు కూర్చున్న బల్ల దగ్గరికి వడ్డించే అమ్మాయి వచ్చి "ఆర్ యు గైస్ రెడీ టు ఆర్డర్?" అని అడుగుతుంది. అడిగేదీ ఆడపిల్లే, అడిగించుకునేదీ ఆడవాళ్ళే. అది అక్కడ మామూలు మాట.

ఇలా ఎందుకు వచ్చిందంటే, ఇంగ్లీషులో "యు" అంటే ఒకరినా పదిమందినా తెలియదు. మనకి నువ్వు, మీరు అని రెండున్నాయి. వాళ్ళకి ఉన్నది ఒక్కటే. అందుకని పక్కన ఏదో ఒకటి తగిలించి "మీరందరూ" అనే అర్థం తెచ్చుకున్నారు. అమెరికాలో చాలాచోట్ల "యు గైస్", మా టెక్సాసు లాంటి దక్షిణ రాష్ట్రాల్లో "యాల్". "యు", "ఆల్" రెండూ కలిసిపోయిన మాట అది. ఐర్లాండు, స్కాట్లాండు వైపు కొందరు "యూజ్" అంటారు. అవసరం అందరిదీ ఒకటే.

రావులపాలెం_అరటిగెల
అయితే మేడమ్, ఆ అమ్మాయి వాళ్ళ మామ్మగారిని అన్నప్పుడు ఇంట్లో మామ్మగారు ఒక్కరే ఉన్నారా, ఇంకెవరైనా ఉన్నారా?

పాలకొల్లు_పంతులమ్మ
మామ్మగారు ఒక్కరేనట. ఎందుకండీ?

రావులపాలెం_అరటిగెల
డల్లాసు అన్నయ్య చెప్పినదాన్ని బట్టి చూస్తే మగా ఆడా సంగతి అటుంచండి, ఒక్క మనిషిని "గైస్" అనడమే కుదరదు కదా. ఇద్దరైనా ఉండాలి. మా తమ్ముడు కూడా ఫోనెత్తి ఒక్కడితో "హాయ్ గైస్" అంటాడు. వీడియోల్లో విని పలకరింపు అనుకుంటున్నారు వీళ్ళు. అది పిలుపు.

డల్లాస్_తణుకు
సరిగ్గా పట్టుకున్నారు. మన పిల్లల మాటల్లో ఎక్కువగా దొర్లేది ఇదే. ఒక్కరుంటే "హాయ్" చాలు, లేదా పేరు పెట్టి పిలవాలి. పేరు తెలియని ఒక ఆడమనిషిని "హే గై" అని పిలిస్తే మాత్రం నిజంగానే ఎబ్బెట్టుగా ఉంటుంది. మగవాడిని కూడా ముఖాన "గై" అని పిలవరు, అతని గురించి ఇంకొకరికి చెప్పేటప్పుడు అంటారు. "ద ఏసీ గై ఈజ్ హియర్" అంటే ఏసీ బాగుచేసేవాడు వచ్చాడని. మనం పాలబ్బాయి, పేపరబ్బాయి అంటామే, ఆ వరస.

పాత_పుస్తకాల_కొట్టు
అసలు ఈ మాట పుట్టుక తెలిస్తే మాస్టారు కూడా ఆసక్తిగా వింటారు. ఇది ఒక మనిషి పేరు. గై ఫాక్స్ అని ఇంగ్లాండులో ఒకాయన. 1605లో కొందరు కాథలిక్కులు కలిసి రాజు మొదటి జేమ్సుతో సహా పార్లమెంటు భవనాన్ని పేల్చేయాలని కుట్ర పన్నారు. నాయకుడు రాబర్ట్ కేట్స్‌బీ. గై ఫాక్స్ పని కింది గదిలో దాచిన 36 పీపాల తుపాకి మందుకి కాపలా కాయడం, సమయానికి అంటించడం. నవంబరు 5 తెల్లవారకముందే పట్టుబడ్డాడు. మరుసటి ఏడాది జనవరిలో మరణశిక్ష పడింది.

రాజు బతికి బయటపడ్డాడని అప్పటి నుంచి ఏటా నవంబరు 5 రాత్రి మంటలు వేసి పండగ చేసుకోవడం మొదలైంది. తరవాత కాలంలో ఆ మంటల్లో పాత బట్టలు, గడ్డి కుక్కి చేసిన గై ఫాక్స్ బొమ్మని వేసి కాల్చేవారు. మనం దీపావళికి నరకాసురుడి బొమ్మని కాల్చినట్టే. ఆ బొమ్మ పేరే "గై" అయింది. పిల్లలు బొమ్మని వీధిలో పెట్టుకుని "గై కోసం ఒక పెన్నీ" అని చిల్లర అడుక్కునేవారు. 19వ శతాబ్దానికి వచ్చేసరికి ఆ బొమ్మలాగా చింపిరి బట్టలు, వింత వేషం వేసుకున్న మనిషిని కూడా ఇంగ్లాండులో "గై" అన్నారు. అమెరికా చేరాక ఆ ఎగతాళి పోయి మామూలు మగమనిషి అనే అర్థం మిగిలింది. అటుపైన బహువచనంలో ఆడవాళ్ళు కూడా చేరారు. ఒక కుట్రదారుడి పేరు ఇప్పుడు పాలకొల్లు ఆడపిల్లల క్లాసు దాకా వచ్చింది. మాటల ప్రయాణం ఇలాగే ఉంటుంది, నాకు ఎప్పుడూ ముచ్చటేస్తుంది.

టవర్_మెకానిక్
నేను వేరేగా అనుకుంటున్నానండి. సెల్ టవర్ల దగ్గర పని నాది. టవరు పడిపోకుండా నాలుగు వైపులా లాగి కట్టే తీగని "గై వైర్" అంటాం. కరెంటు స్తంభాలకైతే స్టే వైరు అంటారు. నిలబెట్టి ఉంచేది కాబట్టి మగవాడికి ఆ పేరు వచ్చి ఉంటుంది.

పాత_పుస్తకాల_కొట్టు
అది వేరే మాటండి. స్పెల్లింగు ఒకటేగానీ వంశం వేరు. తీగకి వాడే "గై" పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దారి చూపడం అనే అర్థం ఉన్న మాటకి చుట్టం. "గైడ్" కూడా ఆ కుటుంబమే. ఓడల్లో తాళ్ళకి ముందు వాడి, తరవాత డేరాలకీ టవర్లకీ తెచ్చారు.

టవర్_మెకానిక్
ఓహో. ఇన్నాళ్ళూ రెండూ ఒకటే అనుకున్నాం మా వాళ్ళమంతా. రేపు సైటులో చెబుతాను.

ధవళేశ్వరం_లాకు
ఒక చిన్న సంగతి. అమెరికాలో "గై" అంటే మామూలు మనిషి అనే వాడకం 1840లలో కనిపిస్తుంది. కాటన్ దొర మా ధవళేశ్వరంలో ఆనకట్ట పని మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. అంటే ఆ రోజుల్లో ఇక్కడ పనిచేసిన ఇంగ్లీషు ఇంజనీరుని ఎవరైనా "గై" అని ఉంటే, వింత వేషగాడా అని కోపం తెచ్చుకునేవాడు!

కోనసీమ_కుర్రోడు
అందుకే దొర అని ఊరుకున్నారు మనవాళ్ళు 😄

రొయ్యల_గట్టు
భీమవరం దగ్గర రొయ్యల హేచరీలో టెక్నీషియన్‌ని. ఇంతవరకూ ఎవరూ చెప్పని వాడకం ఒకటి చెబుతాను. బయటి దేశం నుంచి ఒక నిపుణుడు వచ్చి ట్యాంకులోకి తొంగిచూసి "దీజ్ గైస్ ఆర్ హంగ్రీ" అన్నాడు. మా కుర్రాళ్ళు తమ గురించే అనుకుని "నో సర్, వి హాడ్ టిఫిన్" అన్నారు. ఆయన అన్నది రొయ్యపిల్లల్ని! కుక్కపిల్లలు, మొక్కలు, చివరికి వస్తువుల్ని కూడా ముద్దుగా "దిస్ లిటిల్ గై" అంటూ ఉంటాడు. సీడు, అంటే రొయ్యపిల్ల, ఆడదా మగదా అన్న ప్రశ్నే లేదు అక్కడ.

రావులపాలెం_అరటిగెల
టిఫిన్ చేశామన్నారా! పొద్దున్నే కడుపుబ్బ నవ్వించారు.

డల్లాస్_తణుకు
రొయ్యల_గట్టు గారు చెప్పింది మంచి ఉదాహరణ. ఇంకా కొన్ని జంట మాటలున్నాయి, అవి విడిగా నేర్చుకోవాలి. "బ్యాడ్ గై" అంటే కథలో విలన్. "ఫాల్ గై" అంటే ఇంకొకరి తప్పు నెత్తిన వేసుకుని బలైపోయేవాడు. "వైజ్ గై" మాత్రం జాగ్రత్త. తెలివైనవాడు అని మెచ్చుకున్నట్టు వినిపిస్తుంది, నిజానికి అతితెలివి చూపిస్తున్నావా అని దెప్పడం. మా ఆఫీసులో కొత్తగా వచ్చిన మనవాడొకడు మేనేజరు "వైజ్ గై" అంటే థాంక్యూ చెప్పాడు. పక్కనున్నవాళ్ళు తరవాత విడమర్చి చెప్పారు.

లేసు_అల్లిక
మాది నరసాపురం. లేసు ఎగుమతి చేసే చోట ఉత్తరాలు రాసే పని నాది. మా ఊళ్ళో ఆడవాళ్ళకి ఈ అల్లిక నేర్పింది విదేశీ మిషనరీలే, అప్పటి నుంచి బయటి దేశాలతో బేరం నడుస్తోంది. అమెరికా నుంచి రాసే ఒకావిడ ప్రతి మెయిలూ "హాయ్ గైస్" అని మొదలుపెడుతుంది, మా ఆఫీసులో అందరం ఆడవాళ్ళమే అని ఆవిడకి తెలుసు కూడా. ఇంగ్లాండు కంపెనీ వాళ్ళు "డియర్ ఆల్" అని రాస్తారు. నేను మాత్రం ఎవరికీ ముందుగా "గైస్" అని రాయను. సరుకు కొనేవాళ్ళు చనువు చూపిస్తే అది వాళ్ళిష్టం. బాకీ అడగాల్సిన మెయిలులో, సరుకు ఆలస్యమైందని చెప్పే మెయిలులో ఆ మాట అస్సలు నప్పదు. కాగితం మీద పెట్టే మాటకి బరువు ఎక్కువ. నోటితో అన్నప్పుడు మన ముఖం, గొంతు తోడుంటాయి.

ఆత్రేయపురం_రేకు
చూశారా, లేసు_అల్లిక గారు కూడా మానేశారు. అసలు అమెరికాలోనే కొందరు ఆడవాళ్ళకి ఈ మాట నచ్చదని చదివాను. మగవాళ్ళ మాటని అందరికీ అంటగట్టడమేంటి అని అడుగుతున్నారట.

డల్లాస్_తణుకు
నిజమే, ఆ వాదన ఇక్కడ ఉంది. కొన్ని ఆఫీసుల్లో "గైస్" బదులు "ఎవ్రీవన్", "టీమ్", "ఫోక్స్" అనమని చెబుతారు. ఎక్కువమంది పట్టించుకోరు, కొందరు పట్టించుకుంటారు. మా టీములో ఒకావిడ తనకి నచ్చదని చెప్పింది, ఆవిడున్నప్పుడు నేను "ఎవ్రీవన్" అంటాను. నాకు పోయేదేముంది? కానీ దానర్థం "గైస్" తప్పు ఇంగ్లీషు అని కాదండి. ఎవరి ముందు ఏది అనాలి అన్న సంగతి అది.

యానాం_గాలిపటం
మన తెలుగులోనూ ఇదే జరుగుతోంది కదా. మా చిన్నప్పుడు మగపిల్లల్ని "ఒరేయ్", ఆడపిల్లల్ని "ఒసేయ్". ఇప్పుడు మా అమ్మాయి కాలేజీ స్నేహితురాళ్ళని "రేయ్, ఎక్కడున్నార్రా" అంటుంది. అందరూ ఆడపిల్లలే. మొదట్లో మా ఇంట్లోనూ గొడవ అయింది. ఇప్పుడు నాకు అర్థమైందేంటంటే వాళ్ళకి అందులో మగతనం వినిపించడం లేదు, దగ్గరితనం వినిపిస్తోంది. కానీ అదే పిల్ల వాళ్ళ లెక్చరర్‌ని "రేయ్" అనదు కదా. ఆ తేడా వాళ్ళకి బాగా తెలుసు. "గైస్"కి కూడా ఆ తేడా చెబితే చాలు మేడమ్, అల్లుకుపోతారు.

పాలకొల్లు_పంతులమ్మ
ఇది చాలా బాగుందండీ. రేపు క్లాసులో దీంతోనే మొదలుపెడతాను. "రేయ్" అనగలిగిన చోట "గైస్" అనొచ్చు అని చెప్పనా?

యానాం_గాలిపటం
దాదాపుగా. "గైస్" అంత మోటు కాదు, కాస్త విశాలం. పరిచయం లేని తోటివాళ్ళతో కూడా చెల్లుతుంది. పెద్దల దగ్గర మాత్రం రెండూ వద్దు.

పాత_పుస్తకాల_కొట్టు
"మీరు" సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు మనలాగే రెండుండేవి. ఒకరికి "దౌ", పదిమందికి "యే", "యు". తరవాత పెద్దవాళ్ళని ఒక్కరినే అయినా గౌరవంగా "యు" అనడం మొదలైంది, అచ్చం మన "మీరు" లాగా. పోనుపోను అందరికీ "యు" అనేశారు, మామూలు మాటల్లో "దౌ" రాలిపోయింది. గౌరవం అందరికీ పంచేసరికి ఏకవచనం పోయింది. ఆ ఖాళీలోకే ఇప్పుడు "గైస్" వచ్చి కూర్చుంది.

కోనసీమ_కుర్రోడు
మనకి అలాంటి ఇబ్బంది రాదు. ఎన్ని మాటలు పోయినా చివర "అండి" ఉంటుంది. మా వైపు చిన్న పిల్లాడు కూడా "ఆయ్" అంటాడండి.

కాకినాడ_కాజా
ఇంటర్వ్యూల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తున్నాను. కొత్తగా చదువైన పిల్లల్ని ఉద్యోగాలకి ఎంపిక చేసే చోట పనిచేస్తున్నాను. మేడమ్, మీ పిల్లలకి ఇది గట్టిగా చెప్పండి. బోర్డులో ముగ్గురు కూర్చుని ఉంటే లోపలికి రాగానే "గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్" లేదా "గుడ్ మార్నింగ్ మేడమ్, గుడ్ మార్నింగ్ సర్". అంతే. "వాట్ డు యు గైస్ ఎక్స్‌పెక్ట్" లాంటిది వద్దు, "వాట్ డు యు ఎక్స్‌పెక్ట్" సరిపోతుంది. కొందరు పిల్లలు ధైర్యంగా కనిపించాలని ఇలాంటి మాటలు కావాలని వేస్తారు. ధైర్యం జవాబులో కనిపించాలి. గ్రూప్ డిస్కషన్‌లో తోటి అభ్యర్థులతో "గైస్, లెట్స్ హియర్ హర్ పాయింట్ ఆల్సో" అంటే నాకైతే బాగానే ఉంటుంది, సమానులతో మాట్లాడుతున్నారు కాబట్టి. ఆ ఒక్క వాక్యంతో ఇంకొకరికి అవకాశం ఇచ్చినట్టు కూడా అవుతుంది.

ఇంకోటి, పలకడం. చివర "స్" అని గట్టిగా అనకండి, "జ్" కి దగ్గరగా, "గైజ్" అన్నట్టు రావాలి. స్పెల్లింగులో యు ఉంది కదా అని "గుయ్స్" అని చదివినవాళ్ళనీ చూశాను. గైడ్, గెస్ట్, గిటార్‌లలో యు పలకనట్టే ఇక్కడా పలకదు.

ఆత్రేయపురం_రేకు
కాజా గారు చెప్పింది ఒప్పుకుంటాను. క్లాసులో మాత్రం టీచరు నోటి నుంచి "గైస్" రాకపోతేనే బాగుంటుందని నా అభిప్రాయం. పిల్లలు టీచరు అన్న ప్రతి మాటా ఇంటికి మోసుకెళ్తారు. మామ్మగారి దాకా వెళ్ళింది చూశారుగా.

రొయ్యల_గట్టు
టీచరు నోట వినకపోతే ఇంకెక్కడ వింటారండీ? సరిగ్గా వాడి చూపించేవాళ్ళు ఒకరైనా ఉండాలి. మా కుర్రాళ్ళకి ఎవరూ చెప్పకపోబట్టే కదా టిఫిన్ గొడవ వచ్చింది.

టవర్_మెకానిక్
ఒక డౌటు. "మీ అందరి పుస్తకాలు" అనాలంటే "యు గైసెస్ బుక్స్" అనాలా?

డల్లాస్_తణుకు
ఇక్కడివాళ్ళే దాని దగ్గర తడబడతారు. మాటల్లో "యు గైసెస్", "యువర్ గైసెస్" రెండూ వినిపిస్తాయి. మనం నేర్చుకునేటప్పుడు వాటి జోలికి వెళ్ళొద్దు. "యువర్ బుక్స్" చాలు.

పాలకొల్లు_పంతులమ్మ
ఇవన్నీ మాస్టారికి చదివి వినిపించాను. గై ఫాక్స్ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. "సమానులతో సరే, పెద్దవాళ్ళతో వద్దు, ఒక్కరితో అసలే వద్దు, అలా చెప్పు తల్లీ" అన్నారు. మనవరాలికి ఆయనే ముందు చెప్పేశారు. కానీ నా క్లాసుకి మాత్రం "గర్ల్స్" అనొచ్చు కదా, అందులో ఏం తప్పుంది అంటున్నారు. "లేడీస్" అంటే ఎలా ఉంటుంది?

కాకినాడ_కాజా
మీరు టీచరు, వాళ్ళు మీ విద్యార్థినులు. కాబట్టి క్లాసులో "గర్ల్స్" చక్కగా చెల్లుతుంది. ఉద్యోగంలో చేరాక తోటి ఆడవాళ్ళని "గర్ల్స్" అంటే చిన్నపిల్లల్ని చేసినట్టుంటుందని కొందరు నొచ్చుకుంటారు. "లేడీస్" మర్యాదే గానీ ఆడవాళ్ళు మాత్రమే ఉన్న చోటే కుదురుతుంది, పైగా సభలో పిలిచినట్టు ఉంటుంది. ఇంటర్వ్యూలు అయ్యేదాకా క్లాసులో మీరూ "ఎవ్రీవన్" అనండి. రోజూ వింటే లోపలికి అడుగు పెట్టగానే అదే నోటికి వస్తుంది.